ఫోన్‌లో గీత, నల్లమలలో దారి

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాను. ఆదివారాలు ఖాజాగూడ గుట్టలు ఎక్కడం, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలో నడవడం నాకూ, నా ముగ్గురు మిత్రులకూ మూడేళ్లుగా అలవాటు. ఈ డిసెంబరులో ఒక శని, ఆదివారాల్లో ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్లాలనుకుంటున్నాం. ఉగాదికి ఆ దారిన నడిచిన ఒకాయన తన ఫోన్‌లో నమోదైన దారిని మాకు పంపారు. మొత్తం 45 కిలోమీటర్లు. మొదటి రోజు 24 కిలోమీటర్ల నడక, సుమారు 600 మీటర్ల ఎక్కుడు ఉంటుందని అందులో చూపిస్తోంది. శనివారం తెల్లవారుజామున కారులో బయలుదేరి తొమ్మిదింటికి నడక మొదలుపెడతాం. అటవీశాఖను అడిగితే వద్దంటారు కాబట్టి అడగకపోవడమే మేలని ఒక మిత్రుడు అంటున్నాడు. పదకొండేళ్ల మా అబ్బాయి తానూ వస్తానంటున్నాడు. వచ్చే ఏడాది నేను హిమాలయాల్లో పర్వతారోహణ కోర్సు చేయాలనుకుంటున్నాను, దానికి ఈ నడక అభ్యాసంగా పనికొస్తుందా? మా అమ్మ మాత్రం ఈ మాట ఎత్తితేనే అన్నం మానేస్తోంది. మీ సలహా ఏమిటి?

సమాధానం: మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు మొదటి సంగతి మీదే ఆధారపడి ఉంది కనుక దానితోనే మొదలుపెడతాను. డిసెంబరులో ఆ దారిన వెళ్లకండి. మీకు శక్తి చాలదని నేను అనడం లేదు. మూడేళ్లుగా గుట్టలు ఎక్కుతున్నవారికి రెండు రోజుల నడక అసాధ్యమేమీ కాదు. అయితే మీరు చూస్తున్న దారి డిసెంబరులో లేదు. అది ఏడాదికి కొద్ది రోజులు మాత్రమే దారిగా ఉండి, మిగతా కాలమంతా అడవిగా ఉంటుంది.

రోడ్లు లేని రోజుల్లో మల్లన్న దర్శనానికి పడమటి నుంచి వచ్చేవారికి ఆ కాలిబాటే పెద్దదారి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడని మనం చరిత్రలో చదువుకున్నాం. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారం దాకా ఎక్కే రాతిమెట్లను చూస్తే ఆనాటి యాత్రికుల మోకాళ్లు ఎంత గట్టివో అర్థమవుతుంది. ఈనాటికీ మహాశివరాత్రికి మన వైపు భక్తులు, ఉగాదికి భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచే కన్నడ భక్తులు వేల సంఖ్యలో ఆ దారినే నడిచి వస్తారు. ఆ కొద్ది రోజులూ అడవిలోకి రాకపోకలకు అనుమతి ఉంటుంది, దారి పొడవునా నీళ్లు, మజ్జిగ, అన్నదానాలు ఉంటాయి, ముందూ వెనుకా మనుషుల అలికిడి ఉంటుంది. మీకు ఫోన్‌లో దారి పంపిన పెద్దమనిషి నడిచింది ఆ ఉగాది దారిలో. ఆయన ఎక్కడెక్కడ అడుగు వేశారో ఫోన్ నమోదు చేసింది గాని, ఎవరి చలివేంద్రంలో నీళ్లు తాగి నడిచారో, రాత్రి ఎవరి దీపం వెలుగులో నడుం వాల్చారో నమోదు చేయలేదు.

పైగా ఆ అడవి మామూలు అడవి కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడినా, దక్షిణాన మిగిలినది నేటికీ విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలో పెద్దది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతిపత్రం లేకుండా అడుగుపెట్టడమే నేరం. అడిగితే వద్దంటారు కాబట్టి అడగవద్దన్న మీ మిత్రుడు తెలియకుండానే సగం నిజం చెప్పారు. వద్దంటారని తెలిసిన చోటికే ఆయన మిమ్మల్ని తీసుకువెళ్తున్నారు. పట్టుబడితే కట్టవలసిన జరిమానా సంగతి అలా ఉంచండి. అనుమతి లేకుండా వెళ్లినవారు ఆపదలో పడినప్పుడు సహాయం అడగడానికి జంకుతారు, ఆ జంకులో పోయే రెండు మూడు గంటలే ప్రాణాల మీదికి తెస్తాయి. ఇక్కడ హైదరాబాద్‌వాళ్లు తరచూ చేసే పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. ఆత్మకూరు అడవి ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ కింద ఉంటుంది కనుక సైఫాబాద్ అరణ్య భవన్‌లో అడిగితే మీ పని కాదు. ఏ కొండ ఏ రాష్ట్రంలో, అటవీశాఖ వారి ఏ రేంజి (స్థానిక విభాగం) కింద ఉందో ముందు తెలుసుకుని, ఆ రేంజి కార్యాలయాన్నే అడగాలి.

ఇప్పుడు మీ పథకంలోని కాలం లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క మీకు ఏ కొండకైనా పనికొస్తుంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. నడవవలసిన దూరానికి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున లెక్కగట్టి, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్లకు ఒక గంట చేర్చాలి. ఆ చొప్పున మీ మొదటి రోజుకు 4 గంటల 48 నిమిషాలు, దాని మీద ఒక గంట, వెరసి 5 గంటల 48 నిమిషాలు వస్తుంది. అయితే అది చల్లని దేశపు లెక్క, దృఢంగా ఉన్నవాడి లెక్క. మన ఎండకు, మన ముళ్లపొదలకు, వీపు మీది బరువుకు నేను ఎప్పుడూ వచ్చినదానిలో సగం మళ్లీ కలుపుతాను. అప్పుడు 8 గంటల 42 నిమిషాలు అవుతుంది. తిండికీ, నీళ్లకూ, చెప్పుల్లో రాళ్లు దులుపుకోవడానికీ గంటన్నర వేసుకుంటే పది గంటలు దాటుతుంది. తొమ్మిదింటికి మొదలుపెట్టినవారు ఏడు దాటాక గమ్యం చేరతారు. డిసెంబరులో మన వైపు పొద్దు ఆరింటికి ముందే గుంకుతుంది, లోయలో ఉన్నవారికి అంతకన్నా గంట ముందే వెలుతురు పోతుంది. అంటే తెల్లవారుజామున లేచి అయిదు గంటలు కారు తోలిన నలుగురు మనుషులు పులులు, ఎలుగుబంట్లు తిరిగే అడవిలో, ఎరుగని దారిలో రెండు గంటల సేపు చీకట్లో నడవాలి. మర్నాడు శ్రీశైలం చేరాక ఆత్మకూరులో వదిలిన కారు కోసం చుట్టుతిరిగి వెళ్లాలన్న సంగతి కూడా మీ ఉత్తరంలో లేదు. నల్లమల రోడ్ల మీద రాత్రిపూట వాహనాలను ఆపేసే గేట్లు ఉంటాయని శ్రీశైలం వెళ్లినవారు ఎవరిని అడిగినా చెబుతారు.

ఫోన్‌లోని గీత మీద నమ్మకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకురాలు అడవిలో ఉగాది నాటికి చెట్లు మోడువారి, గడ్డి ఎండిపోయి, కొన్ని చోట్ల కాలిపోయి, నేల కనిపిస్తూ ఉంటుంది. వేలాది పాదాలు నడిచిన బాట తెల్లని తాడులా కళ్లకు కడుతుంది. వానల తరువాత అదే చోట బోదగడ్డి నిలువెత్తు పెరిగి ఉంటుంది, బాట దాని కింద ఉంటుంది. అప్పుడు కంటికి కనిపించేవన్నీ పశువుల బాటలూ, దుప్పుల బాటలూ. అవి మన బాటకన్నా స్పష్టంగా ఉండి, నీళ్ల దాకా తీసుకువెళ్లి, అక్కడ చేతివేళ్లలా విడిపోతాయి. ఇరుకు లోయల్లో రాతి గోడలకు తగిలి వచ్చే సంకేతాల వల్ల ఫోన్ మీరున్న చోటును పదుల మీటర్లు పక్కకు చూపవచ్చు. మైదానంలో అది లెక్కలోకి రాదు గాని, కొండ అంచున ఇరవై మీటర్లంటే బండ మీద ఉన్నామో, బండ కింద ఉన్నామో అన్నంత తేడా. సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ మధ్యాహ్నానికే అడుగంటడం మీకూ అనుభవమే అయి ఉంటుంది. కనుక ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 కొలత పటాన్ని కాగితం మీద ముద్రించుకుని వెంట ఉంచుకోండి. ఆ పటంలో ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు. ఎత్తు గీతలు ఒకదానికొకటి దగ్గర పడ్డాయంటే అక్కడ కొండ నిలువుగా ఉందని అర్థం. ఈ ఒక్కటి చదవడం వస్తే గీత కన్నా ముందు మీకు కొండే కనిపిస్తుంది.

ఎత్తు గీతల మాట ఎందుకు ఎత్తానంటే నల్లమల ఆకారం వేరు. మన హైదరాబాద్ గుట్టలు గ్రానైటువి. గుండ్రంగా, బోడిగా ఉంటాయి, ఏ పక్క నుంచి చూసినా కొన తెలుస్తుంది, దిగేటప్పుడు ఊరు కనిపిస్తూనే ఉంటుంది. నల్లమల, శేషాచలం అలా కావు. అవి పొరలు పొరలుగా పేరుకున్న పాతకాలపు రాళ్లు. పైన గట్టి క్వార్ట్‌జైట్ బండ, దాని కింద మెత్తని పలకరాయి. కింది పొర అరిగిపోతే పై బండ నిలువునా విరిగిపడుతుంది. అందువల్ల కొండ పైభాగం బల్లపరుపుగా, ఎటు చూసినా ఒకేలాగ చెట్లతో ఉంటుంది. అంచు మాత్రం కత్తితో కోసినట్టు తెగిపోతుంది. అటువంటి చోట దారి తప్పినవాడికి శిఖరం గుర్తు ఉండదు, లోయ గుర్తు ఉండదు. అప్పుడు ఎవరో ఎప్పుడో చెప్పిన మాట ఒకటి గుర్తుకు వస్తుంది. దారి తప్పితే వాగు పట్టుకుని దిగిపో, ఊరు తగులుతుందని. గోదావరి జిల్లాల మన్యంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో గాని నల్లమలలో అది మనిషిని చంపే సలహా. ఇక్కడ వాగు దిగేది బండ అంచు మీదుగా. మల్లెలతీర్థం, సలేశ్వరం జలపాతాలు చూసినవారికి నేను ఏమంటున్నానో తెలుస్తుంది. వాగు నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా గాలిలో కలుస్తుంది.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. వయసులో ఉన్నప్పుడు ముగ్గురం, మేమూ మీలాగే ఎవరినీ అడగకుండా, శేషాచలం కొండల్లో ఒక ఎండు వాగు పట్టుకుని దిగాం. మొదట మోకాలెత్తు బండలు, తరువాత మనిషెత్తు బండలు. రెండు మూడు చోట్ల జారి దిగినవాటిని తిరిగి ఎక్కలేమని అప్పుడు తోచలేదు. సాయంత్రం అయిదింటికి వాగు మూడు తాటిచెట్ల లోతుకు తెగిపోయి కనిపించింది. ముందుకు గాలి, వెనుక ఎక్కలేని బండ. ఆ రాత్రి అక్కడే కూర్చున్నాం. తెల్లవారాక ఒకరి భుజాల మీద ఒకరం నిలబడి, తువ్వాళ్లు ముడివేసుకుని, మూడు గంటల్లో పైకి వచ్చాం. మాకు ఏమీ కాలేదు గాని, అది మా తెలివి వల్ల మాత్రం కాదు. ఆనాటి నుంచి నేను పాటించే నియమం ఒకటి ఉంది: దిగితే తిరిగి ఎక్కగలనని రూఢి అయితే తప్ప ఏ బండా దిగను. దారి తప్పామని అనుమానం కలిగిన క్షణమే నిలబడిపోవాలి. చివరగా ఖాయంగా తెలిసిన చోటు ఏదో గుర్తు తెచ్చుకుని అక్కడికే వెనక్కి నడవాలి. అది కూడా కుదరకపోతే కదలకుండా కూర్చుని ఈల వేయాలి. నిమిషానికి ఆరుసార్లు ఈల, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. అది చాలా దేశాల్లో కొండల్లో ఆపదకు గుర్తు; విన్నవారు నిమిషానికి మూడుసార్లు బదులు ఇస్తారు. పది రూపాయల ప్లాస్టిక్ ఈల మనిషి గొంతు కన్నా ఎక్కువ దూరం పోతుంది, ఎక్కువ సేపు పలుకుతుంది.

జంతువుల విషయంలో అందరూ పులి గురించి అడుగుతారు. పులి మనల్ని చూసి తప్పుకుంటుంది, నడిచేవారిలో ఎక్కువమందికి దాని అడుగు మాత్రమే దక్కుతుంది. చెంచులు జాగ్రత్తపడేది ఎలుగుబంటి గురించి. దానికి వాసన బాగా తెలుస్తుంది, చూపు అంతంతమాత్రం, పుట్ట తవ్వుతున్నప్పుడు లోకం తెలియదు. దగ్గరికి వెళ్లేదాకా మనల్ని గమనించక, గమనించిన మరుక్షణం భయంతో మీద పడుతుంది. అందుకే పొద్దు పొడిచే వేళ, పొద్దు గుంకే వేళ నడక మానుకోవాలి, పొదలు మూసుకుపోయిన చోట పైకి మాట్లాడుకుంటూ నడవాలి. చలికాలంలో తల్లి ఎలుగు పిల్లలతో రాతి గుహల్లో ఉంటుంది కనుక నీడ కోసమైనా సరే గుహల్లో తల దూర్చకూడదు. ఎదురుపడితే వెనుతిరిగి పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెపట్ల కింద పొగ తాగినా, అత్తరు పూసుకున్నా, రాయి విసిరినా ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం చేయకుండా, కరిచిన అవయవం కదలకుండా పుల్లతో కట్టి, మనిషిని మోసుకుని, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమొక్కటే వైద్యం. 108 రోడ్డు దాకా వస్తుంది, రోడ్డు నుంచి ఆరు గంటల లోపల ఉన్నవారి కోసం రాదు. నలుగురిలో ఒకరు పడిపోతే మిగిలిన ముగ్గురు ఎంత దూరం మోయగలరో ఒక్కసారి ఆలోచించుకుంటే, నడక ఎంత పొడవు ఉండాలో దానంతట అదే తేలుతుంది.

నీళ్ల గురించి క్లుప్తంగా. మనిషికి రోజుకు 4 లీటర్లు, అందులో ఒక లీటరు ఓఆర్‌ఎస్ కలిపినది. దారిలో చెలమ కనిపించినా, కాచనిదీ, వడపోయనిదీ తాగకండి. చలికాలమని ఎండను తక్కువ అంచనా వేయకండి. నల్లమలలో డిసెంబరు మధ్యాహ్నం బండ మీద నడిచినవాడికి చలికాలమన్న మాట గుర్తుండదు.

ఇంత చెప్పాక నల్లమలకే వెళ్లవద్దంటున్నానని అనుకోకండి. డిసెంబరు శని, ఆదివారాలకు రెండు మార్గాలు చెబుతాను. మొదటిది మన గడప దగ్గరే ఉంది. అచ్చంపేట దాటాక, శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరున్న ఉమామహేశ్వరం, దాని పైన మన్ననూరు. అక్కడ తెలంగాణ అటవీశాఖ సందర్శకులకు బస ఏర్పాటు చేసి, అడవిలో చెంచు యువకుల తోడుతో నడకకు తీసుకువెళ్తుంది. ముందుగా బుక్ చేసుకుని వెళ్లండి. నడిచేది కొద్ది కిలోమీటర్లే అని పెదవి విరవకండి. చెంచు మనిషి వెనుక రెండు గంటలు నడిస్తే ఏ చెట్టు గీరి ఉందో, ఏ మట్టి రాత్రి తవ్వినదో, ఏ వాగులో ఏ నెల దాకా నీళ్లుంటాయో తెలుస్తుంది. మీరు మూడేళ్లుగా గుట్టల మీద నేర్చినది కాళ్ల విద్య, ఆయన నేర్పేది కళ్ల విద్య. ఆయనకు ఇవ్వవలసింది బేరం లేకుండా ఇవ్వండి, పెంటల్లోకి, అంటే చెంచుల పల్లెల్లోకి వెళ్లి ఇళ్లనూ మనుషులనూ అడగకుండా ఫోటోలు తీయకండి.

రెండోది అహోబిలం. అదీ నల్లమలే, అక్కడి బండలూ ఆ పొరలవే, అయితే అది నిత్యం యాత్రికులు నడిచే దారి. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట వరాహ నరసింహస్వామిని చూసుకుని జ్వాలా నరసింహస్వామి దాకా వెళ్లే నడక మీ ఉద్దేశానికి సరిగ్గా సరిపోతుంది. దాని పైన ఉగ్రస్తంభం ఉంది. అది నిజంగా కొండ ఎక్కడమే. చేతులు కూడా వాడవలసి వస్తుంది. ఉదయం ఆరింటికి ఎగువ అహోబిలంలో బయలుదేరి, స్థానిక మార్గదర్శిని వెంట పెట్టుకుని వెళ్లండి. ఎక్కడ ఉన్నా సరే, మధ్యాహ్నం 12 గంటలకు వెనుదిరగాలని ముందు రోజు రాత్రే నలుగురూ ఒప్పందం చేసుకోండి. కొండ మీద ఆ నిర్ణయం తీసుకోవాలనుకుంటే ఎవరూ తీసుకోలేరు, ఎందుకంటే శిఖరం ఎప్పుడూ ఇంకొక అరగంట దూరంలోనే కనిపిస్తుంది. వాన పడినా, రాయి తడిగా ఉన్నా ఉగ్రస్తంభం మాట మరచిపోండి.

ఆత్మకూరు దారి మీద మనసు అంతగా ఉంటే శివరాత్రికి వెళ్లండి. ఉగాది కన్నా ఎండ తక్కువ. భక్తులతో కలిసి, ఆ ఏటి అటవీశాఖ నిబంధనలు తెలుసుకుని, వాళ్లు నడిచినట్టే నడవండి. ఒంటరితనం కోరుకునేవారికి ఆ గుంపు నచ్చకపోవచ్చు. నాకూ మొదట నచ్చలేదు. నాగలూటి గుడి ముందు, కాళ్లు బొబ్బలెక్కిన ఒక ముసలమ్మ నా చేతిలోకి గుప్పెడు బొరుగులు పోసి, కన్నడంలో ఏదో అని నవ్వాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

మీ అబ్బాయి విషయం. మన్ననూరు నడకకు నిస్సంకోచంగా తీసుకువెళ్లండి, అహోబిలంలో జ్వాలా నరసింహుడి దాకా తీసుకువెళ్లండి, ఉగ్రస్తంభానికి మాత్రం వద్దు. పదకొండేళ్ల పిల్లవాడికి కాళ్లలో సత్తువ పెద్దవాళ్లకన్నా ఎక్కువే ఉంటుంది. లేనిది దాన్ని మిగుల్చుకునే తెలివి. మొదటి గంటలో పరుగెత్తుతాడు, మూడో గంటలో కూలబడతాడు. పిల్లలకు ఎండ త్వరగా తగులుతుంది, దాహమని చెప్పడం మరచిపోతారు. కనుక అరగంటకొకసారి మీరే తాగించండి. వాడి మెడలో ఒక ఈల వేసి, మీరు కనిపించకపోతే ఉన్నచోటే నిలబడి ఊదమని చెప్పండి. గుంపు నడక వాడి వేగాన్ని బట్టి సాగాలి. దానికి మీ మిత్రులు ఒప్పుకోకపోతే వాణ్ణి వేరే రోజు, మీరొక్కరే అనంతగిరికి తీసుకువెళ్లడం మంచిది.

పర్వతారోహణ కోర్సు సంగతి. డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశిలో 1965లో మొదలైన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలీలోని సంస్థ, ఈ మూడూ సుమారు నాలుగు వారాల ప్రాథమిక కోర్సు నడుపుతాయి. వయసు పరిమితి ఉంటుంది, సీట్లు నెలల ముందే నిండిపోతాయి కనుక మీ 36 ఏళ్ల వయసులో ఇంకా ఆలస్యం చేయకుండా ఇప్పుడే దరఖాస్తు సంగతి చూసుకోండి. అక్కడ నేర్పేది తాడు, మంచుగొడ్డలి, బూట్ల కింద ముళ్లపట్టీలు వాడే విద్య. నల్లమల నడక దానికి నేరుగా అభ్యాసం కాదు. నల్లమలలో ఎత్తైన శిఖరాల్లో ఒకటైన భైరానికొండ ఎత్తు కూడా వెయ్యి మీటర్ల చుట్టుపక్కలే, హిమాలయాల్లో ఒంటికి ఇబ్బంది మొదలయ్యేది 2,500 మీటర్లు దాటాక. 3,000 దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది అక్కడి నియమం. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు వస్తే ఎంతటి బలవంతుడైనా దిగిపోవలసిందే. ఎంత గుట్టలెక్కినా ఆ ఎత్తుకు ఒంటిని ఇక్కడ అలవాటు చేయలేం.

ఇక్కడ చేయగలిగింది కాళ్లనూ, ఊపిరినీ సిద్ధం చేయడం, రాతి మీద తాడు పని నేర్చుకోవడం. రెండోదానికి భువనగిరి కోట గుట్ట ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ మొదట రాతిని పట్టుకున్నది ఆ భువనగిరి ఏకశిల మీదే. తరువాత డార్జిలింగ్‌లో, ఆపైన లడఖ్ చలిలో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మొదటిదానికి, అంటే కాళ్లకూ, ఊపిరికీ, మీరుండే కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. అంతస్తుకు మూడు మీటర్లనుకుంటే పదంతస్తులు 30 మీటర్లు. ఇరవైసార్లు ఎక్కితే 600 మీటర్లు, అంటే మీ నల్లమల మొదటి రోజు ఎక్కుడు అంతా అక్కడే అయిపోతుంది. మొదట ఉత్త చేతులతో, రెండు నెలల్లో వీపున 10 కిలోలతో, కోర్సుకు ముందు నెలలో 15 నుంచి 20 కిలోలతో చేయండి. లిఫ్టులో దిగకండి, దిగడం కూడా మెట్ల మీదే అలవాటు చేయండి. కొండ మీద మోకాళ్లు దెబ్బతినేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. వాచ్‌మన్ మొదటి వారం అనుమానంగా చూస్తాడు, రెండో వారం నుంచి లెక్కపెట్టి చెబుతాడు.

చివరగా మీ అమ్మగారు. ఆవిడ భయాన్ని తీసేయాలని చూడకండి, ఆ భయానికి ఒక పని అప్పగించండి. బయలుదేరే ముందు రోజు ఒక కాగితం మీద ఎవరెవరు వెళ్తున్నారో, వాళ్ల ఇంటి నంబర్లు, కారు నంబరు, కారు ఎక్కడ వదులుతారో, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతారో, ఏ ఊళ్లో బస చేస్తారో, మీ మార్గదర్శి ఫోన్ నంబరు, ఆ రేంజి కార్యాలయం నంబరు రాసి ఆవిడ చేతికి ఇవ్వండి. కింద పెద్ద అక్షరాలతో, ఆదివారం సాయంత్రం 6 గంటలకు కొండ దిగి ఫోన్ చేస్తానని, రాత్రి 8 దాకా నా ఫోన్ రాకపోతే ముందు మార్గదర్శికి, తరువాత రేంజి కార్యాలయానికి, ఆపైన 112కి ఈ వరుసలోనే ఫోన్ చేయమని రాయండి. రాసినదాన్ని ఆవిడ ముందు ఒకసారి చదివి వినిపించండి, కళ్లజోడు లేకుండా ఆవిడ ఆ అంకెలు చదవగలరో లేదో చూసుకోండి. దారి మార్చుకోవాలనిపిస్తే, సిగ్నల్ ఉన్న చోట ఆవిడకు చెప్పాకే మార్చండి. ఆరింటికి చేస్తానన్న ఫోన్ మాత్రం, టీ కూడా తాగకముందే చేయండి.